గోల్ఫ్ క్యాంప్ మెయిల్ వచ్చింది, పంపమంటారా?

మే నెల వచ్చిందంటే చాలు, నాకొచ్చే ప్రశ్నల్లో సగం సమ్మర్ క్యాంపుల మీదే ఉంటాయి. కోడింగ్ క్యాంపు, డిబేట్ క్యాంపు, కూచిపూడి వర్క్‌షాపు, ఎప్పుడూ ఉండేవే, ఈసారి మాత్రం చిత్రంగా గోల్ఫ్ మీదే అయిదు ఉత్తరాలొచ్చాయి. ముందే చెప్పేస్తున్నా, నేను కోచ్‌ని కాదు. మా వాడు హైస్కూల్లో ఆడి, మూడు సమ్మర్లు రకరకాల కాలేజీ క్యాంపులు తిరిగి, చివరికి ఒక చిన్న డివిజన్ త్రీ కాలేజీలో (అమెరికా కాలేజీ ఆటల్లో పెద్ద టీములది డివిజన్ వన్, ఆ తర్వాత టూ, త్రీ) నాలుగేళ్ళు ఆడి బయటపడ్డాడు. వాణ్ణి దింపడం, ఎక్కించుకోవడం, డబ్బులు కట్టడం, బురద సాక్సులు ఉతకడం, ఇదీ నా గోల్ఫ్ అనుభవం. దాంతోనే చెప్తున్నా.

ప్రశ్న: మేడం గారూ, మాది టెక్సస్‌లో ఫ్రిస్కో. మా అబ్బాయికి నైన్త్ గ్రేడ్ అయిపోయింది, చిన్నప్పట్నుంచీ గోల్ఫ్ ఆడుతున్నాడు, స్కూల్ టీమ్‌లో ఉన్నాడు, 18 హోల్స్‌కి 79, 80 షాట్లు అలా కొడతాడు. పోయిన వారం ఒక పెద్ద డివిజన్ వన్ యూనివర్సిటీ కోచ్ పేరుతో మెయిల్ వచ్చింది, మా ఎలీట్ క్యాంప్‌కి నిన్ను ఆహ్వానిస్తున్నాం అని. నాలుగు రోజులు, డార్మ్‌లో ఉండాలి, 1,150 డాలర్లు. అంటే వీడి ఆట వాళ్ళ కంట్లో పడిందనేగా అర్థం? మా ఆవిడేమో అది ఊరందరికీ పంపే మెయిల్ అంటోంది. అక్కడికెళ్తే స్కాలర్‌షిప్ సంగతి మాట్లాడొచ్చా?

జవాబు: మీ ఆవిడే రైట్ అండీ. ఆవిడకి ఆ మాట చెప్పి ఒక కాఫీ పెట్టివ్వండి, తర్వాత మిగతాది చదవండి.

కాలేజీలు నడిపే క్యాంపులకి ఎన్‌సీఏఏ (అమెరికాలో కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ) రూల్ ఒకటుంది, క్యాంప్ ఎవరొచ్చినా చేర్చుకునేలా ఉండాలి, ఇంతమందే అనో, ఈ వయసు వాళ్ళే, ఈ గ్రేడ్ వాళ్ళే, మగపిల్లలకే ఆడపిల్లలకే అనో హద్దు పెట్టొచ్చు తప్ప బాగా ఆడేవాళ్ళని ఏరుకుని వాళ్ళకే అంటే కుదరదు. మెయిల్ పైన ఎలీట్ అని ఉన్నా, ఇన్విటేషనల్ అని ఉన్నా అదే రూల్. క్యాంప్ సమాచారం మాత్రం ఎవరికైనా ఎప్పుడైనా పంపొచ్చు. మీ వాడు ఎక్కడో టోర్నమెంట్‌కి రిజిస్టర్ చేసుకున్నప్పుడో, ఏదో ఫామ్ నింపినప్పుడో ఇచ్చిన మెయిల్ ఐడీ తిరిగి తిరిగి వాళ్ళ లిస్టులోకి వెళ్ళుంటుంది. మా వాడికి ఒకే వారంలో రెండు కాలేజీల నుంచి "నీ ఆటని ఆసక్తిగా గమనిస్తున్నాం" అని వచ్చింది, అప్పటికి వాడు ఆ సీజన్‌లో చెయ్యి నొప్పితో ఒక్క టోర్నమెంట్ కూడా ఆడలేదు, ఏం గమనించారో మరి.

ఇంకో రూల్ ఉంది, ఇది తెలియకే మన తల్లిదండ్రులు ఎక్కువ బాధపడతారు. డివిజన్ వన్ గోల్ఫ్‌లో సోఫమోర్ ఇయర్, అంటే టెన్త్ గ్రేడ్ అయిపోయాక వచ్చే జూన్ 15 దాకా కోచ్ పిల్లాడితో రిక్రూటింగ్ మాట ఎత్తకూడదు. ఫోన్ లేదు, మెసేజ్ లేదు, మెయిల్‌కి జవాబు లేదు, తన సొంత క్యాంప్‌లో ఎదురుగా నిలబడ్డా సరే. గ్రిప్ గురించి గంటసేపు చెప్పొచ్చు, మా టీమ్‌లో నీకు చోటుంది అనే మాట మాత్రం నోట రాకూడదు. మీ వాడికి ఆ తేదీ వచ్చే ఏడాది జూన్ 15. ఇప్పుడు క్యాంప్‌కి పంపి స్కాలర్‌షిప్ మాట్లాడదామంటే, పెళ్ళిచూపులకని బయల్దేరి ఎవరిదో గృహప్రవేశం భోజనానికి వెళ్ళినట్టు ఉంటుంది. భోజనం బావుంటుంది, సంబంధం మాత్రం కుదరదు.

మా ఇంట్లో ఇది తెలియక ఎంత గోల జరిగిందంటే, నైన్త్‌లో ఉండగా వాడు 20 మంది పైన కోచ్‌లకి మెయిల్స్ పెట్టాడు, ఒక్కరూ పలకలేదు, నాలుగు వారాలు మా డైనింగ్ టేబుల్ దగ్గర మౌనవ్రతం. నేను స్వింగ్ వీడియో బాలేదేమో అని మళ్ళీ తీయించా, డబ్బులిచ్చి మరీ. తీరా చూస్తే వాళ్ళు జవాబివ్వడానికి రూల్ ఒప్పుకోదు, అంతే. కోచ్ మౌనంగా ఉన్నాడంటే వద్దన్నట్టు కాదు, అలాగని కావాలన్నట్టూ కాదు.

స్కాలర్‌షిప్ గురించి అడిగారు కాబట్టి లెక్క కూడా చెప్తా. మొన్నమొన్నటి దాకా డివిజన్ వన్‌లో మగపిల్లల గోల్ఫ్ టీమ్ మొత్తానికి కలిపి 4.5 స్కాలర్‌షిప్పులు, ఆడపిల్లల టీమ్‌కి 6. టీమ్‌లో తొమ్మిది పది మంది ఉంటే ఆ నాలుగున్నరనే ముక్కలు చేసి పంచేవాళ్ళు, ఒకడికి పాతిక శాతం, ఒకడికి పుస్తకాల డబ్బులు, ఒకడికి టీషర్టు. కాలేజీ ఆటగాళ్ళ డబ్బు మీద నడిచిన 'హౌస్' అనే కేసులో రాజీని 2025 జూన్‌లో కోర్టు ఓకే చేశాక అందులో చేరిన కాలేజీలకి ఆ పరిమితి పోయి, దాని బదులు టీమ్‌లో తొమ్మిది మందికి మించి ఉండకూడదు అనే హద్దొచ్చింది. డబ్బు ఇవ్వాలనుకుంటే తొమ్మిది మందికీ ఇవ్వొచ్చు, కానీ ఇచ్చి తీరాలని ఏమీ లేదు, పైగా పెద్ద టీముల్లో చివరి కుర్చీలో కూర్చుని ఎదిగే పిల్లలకి చోటు తగ్గింది. డివిజన్ త్రీలో, ఐవీ లీగ్‌లో ఆట కోసం ఇచ్చే స్కాలర్‌షిప్ అసలు లేదు, మార్కులకీ ఇంటి ఆదాయానికీ ఇచ్చేదే. కాబట్టి ఆలు లేదు చూలు లేదు అన్న సామెత గుర్తు చేస్తున్నానని ఏమనుకోకండి.

సరే మరి క్యాంప్ దండగా అంటే, కానే కాదు. మా వాడికి మొదటి క్యాంప్‌లో జరిగింది చెప్తా వినండి.

పొద్దున ఆరున్నరకి లేపారు. వీడికి శని ఆదివారాలు పదింటికి లేచే అలవాటు. టిఫిన్ తిని ప్రాక్టీసు చేసే రేంజ్‌కి వెళ్ళారు, డ్రైవర్, అంటే దూరం కొట్టే పెద్ద క్లబ్ (గోల్ఫ్ కర్ర), తీసి బాదేద్దాం అనుకున్నాడు, వాళ్ళేమో గంటన్నర దగ్గర షాట్లకి వాడే వెడ్జ్ పట్టుకోనిచ్చారు, అంతే. 40 గజాలు, 60, 80, ఎక్కడ పడిందో చూడు, రాసుకో. తర్వాత పార్ 18 అని ఒక ఆట పెట్టారు, గ్రీన్, అంటే గుంట ఉండే నున్నటి పచ్చిక, చుట్టూ తొమ్మిది చోట్ల బంతి పెడతారు, ఒక్కో చోట పార్ (ఇన్ని షాట్లలో గుంటలో వేయాలనే లెక్క) రెండే, అంటే గ్రీన్ మీదకి ఎత్తి వేసే ఒక చిప్, గుంటలోకి దొర్లించే ఒక పట్. మొత్తం 18కి ముగించాలి, ఎంత తక్కువైతే అంత మంచిది. మా వాడికి 29 వచ్చింది. పక్కనే ఆ కాలేజీ టీమ్ కుర్రాడు, క్యాంప్‌కి సాయం చేయడానికి ఉన్నవాడు, నవ్వుతూ మాట్లాడుతూ 19కి ముగించాడు. ఆ రాత్రి ఫోన్ చేసి "అమ్మా, నాకు గోల్ఫ్ రాదు" అన్నాడు. ఏడుపు గొంతు కాదు, ఏదో కొత్త విషయం తెలుసుకున్నవాడి గొంతు. నాలుగో రోజుకి 24 వచ్చింది, ఆ కాగితం ఇప్పటికీ వాడి పాత బ్యాగులో ఉంది.

సాయంత్రం పూట కూర్చోబెట్టి కాలేజీ గోల్ఫ్ అంటే ఏంటో చెప్పారు, అది నాకూ తెలియదు అప్పటిదాకా. టోర్నమెంట్‌కి అయిదుగురు ఆడతారు, ప్రతి రౌండ్లో మంచి నాలుగు స్కోర్లే లెక్కలోకి వస్తాయి, మొత్తం 54 హోల్స్, చాలా చోట్ల మొదటి రోజే 36 ఆడించేస్తారు. అంటే బ్యాగ్ మోసుకునో బండి తోసుకునో పది మైళ్ళు దాటి నడక. మనం టీవీలో చూసే గోల్ఫ్‌లో బ్యాగ్ మోసే మనిషి వేరే ఉంటాడు, ఇక్కడ వీడి బరువు వీడిదే. కానీ కోచ్ మాత్రం పక్కన నడుస్తూ ఏ క్లబ్ తీయాలో చెప్పొచ్చు, హైస్కూల్ దాకా చాలావరకు ఒంటరిగా ఆడినవాడికి అదో వింత. సోమ మంగళవారాలు ఊరు మీద ఊరు తిరుగుతూ ఆడి, బుధవారం వచ్చి కెమిస్ట్రీ మిడ్‌టర్మ్ రాయాలి. ఈ బతుకు వాడికి కావాలా వద్దా అనేది నాలుగు రోజుల్లో వాడికే తెలుస్తుంది, నా దృష్టిలో ఆ డబ్బు కట్టేది అందుకే. మా వాడితో పాటు వెళ్ళిన ఇంకో తెలుగు పిల్లాడు ఇంటికొచ్చి నాకొద్దు అని చెప్పేసి రోబోటిక్స్‌లో పడ్డాడు, వాళ్ళ నాన్న డబ్బులు పోయాయన్నాడు, నేనైతే మిగిలాయన్నా.

ఇక మీ వాడి 79, 80 సంగతి. ఏ టీల నుంచి, అంటే ఎంత దూరం నుంచి మొదలుపెట్టి? కాలేజీ మగపిల్లలు 7,000 గజాలకి అటూ ఇటూ ఉండే గోల్ఫ్ కోర్సుల మీద ఆడతారు, 6,200 గజాల మీద 79 వేరు. అది టోర్నమెంట్ స్కోరా, లేకపోతే శనివారం మీతో ఆడినప్పుడు నీళ్ళలో పడ్డ బంతిని చూడనట్టు ఇంకోటి వేసుకున్న స్కోరా? ఒక పని చేయండి, మీరనుకుంటున్న కాలేజీ టీమ్ వెబ్‌సైట్ తెరిచి వాళ్ళ అయిదో ఆటగాడు పోయిన సీజన్లో ఎంత కొట్టాడో చూడండి, ఫలితాలన్నీ క్లిప్డ్ స్కోర్‌బోర్డ్ అనే వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. టాప్ ప్లేయర్‌ని చూడకండి, అయిదోవాణ్ణి చూడండి. మీ వాడు పోటీ పడాల్సింది ఆ కుర్చీకే.

1,150 మీకు భారం కాకపోతే పంపండి, కానీ నన్నడిగితే నైన్త్ గ్రేడ్ వాడికి ఈ ఏడాది మీ దగ్గర్లో ఏదైనా చిన్న కాలేజీ పెట్టే డే క్యాంప్ చాలు, సాయంత్రం ఇంటికొచ్చి పప్పన్నం తిని పడుకుంటాడు. మిగిలిన డబ్బుతో రెండ్రోజుల టోర్నమెంట్లు నాలుగు ఆడించండి, రేపు కోచ్ చూసేది ఆ స్కోర్లే. పెద్ద కాలేజీ క్యాంప్ వచ్చే ఏడాది, జూన్ 15 దాటాక జరిగేది చూసుకోండి. కట్టేముందు ఫోన్ చేసి మూడు అడగండి: హెడ్ కోచ్ అన్ని రోజులూ స్వయంగా ఉంటాడా, ఒక్కో కోచ్‌కి ఎంతమంది పిల్లలు, కోర్సు మీద నిజంగా ఎన్ని హోల్స్ ఆడిస్తారు. మా రెండో క్యాంప్‌లో హెడ్ కోచ్ మొదటి రోజు వెల్‌కమ్ చెప్పి, ఆఖరి రోజు ఫోటోకి వచ్చాడు. ఆ కాలేజీ పేరు అడక్కండి.

ప్రశ్న: నమస్తే అండీ, న్యూజెర్సీలో ఎడిసన్ నుంచి. మా పాపకి 14, మూడు రాత్రులు గోల్ఫ్ క్యాంప్‌కి వెళ్తానంటోంది. మేము ప్యూర్ వెజిటేరియన్. ఇప్పటిదాకా ఎక్కడా ఒంటరిగా పడుకోలేదు. మా అత్తగారు ఎండకి నల్లబడిపోతుందని ఒకటే గొడవ. ఏమేం సర్దాలి, సేఫేనా?

జవాబు: ముందు అత్తగారి సంగతి. ఎండకి తోలు కాలకుండా సన్‌స్క్రీన్ రాయండి, రెండు గంటలకోసారి మళ్ళీ రాసుకోమనండి, అది ఆరోగ్యం. నల్లబడుతుందని ఆట మానిపించడం మాత్రం నాకు ఒళ్ళు మండే విషయం, మా ఇంట్లో మగపిల్లాడు బొగ్గులా తయారై వస్తే "పాపం కష్టపడుతున్నాడు" అన్న నోళ్ళే ఇవి.

సేఫ్టీకి ఇవి అడగండి: రాత్రి పాప పడుకునే ఫ్లోర్‌లో ఎవరుంటారు, ఆడవాళ్ళేనా, స్టాఫ్ అందరికీ బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయిందా, రూమ్మేట్ ఆ వయసు పిల్లేనా, రాత్రి ఫోన్ దగ్గర ఉండనిస్తారా. తడుముకోకుండా జవాబు చెప్తే మంచి గుర్తు, "అవన్నీ చూసుకుంటాం లెండి" అంటే నేనైతే పంపను. మీ ఇంటికి గంట దూరమే అయితే చాలా క్యాంపులు పగలు ఉండి రాత్రి ఇంటికెళ్ళే ఆప్షన్ ఇస్తాయి, ఫీజు కూడా తగ్గుతుంది, మొదటిసారికి అది కూడా ఆలోచించండి.

తిండికి భయం లేదు, కాలేజీ డైనింగ్ హాల్లో సలాడ్, పాస్తా, బీన్స్, పండ్లు, పెరుగు ఉంటాయి, ఫామ్‌లో వెజిటేరియన్ అని టిక్ పెట్టి ఊరుకోకుండా ఒక మెయిల్ కూడా పెట్టండి. ఇబ్బందల్లా మధ్యాహ్నం కోర్సు మీదకి పంపే సాండ్‌విచ్ డబ్బాతో, అందులో టర్కీ ముక్క ఉంటుంది, మా వాడి స్నేహితురాలు ఒకమ్మాయి ఆ రొట్టె ఊడదీసి ఉత్త చిప్సు తిని తొమ్మిది హోల్స్ ఆడి కళ్ళు తిరిగి కూర్చుంది. అందుకే బ్యాగులో పుట్నాలు, ఖర్జూరాలు, గ్రనోలా బార్లు పెట్టండి. పల్లీ చిక్కీ పెట్టేముందు నట్స్ రానిస్తారో లేదో చూసుకోండి. పులిహోర మాత్రం వద్దు, జూలై ఎండకి గోల్ఫ్ బ్యాగ్ జేబులో పులిహోర ఏమవుతుందో నాకు స్వయంగా తెలుసు.

ఓఆర్ఎస్ ప్యాకెట్లు తప్పకుండా పెట్టండి. బూట్లు రెండు జతలు, సాక్సులు రోజుకి రెండు జతలు లెక్కన, పొద్దున మంచుకి గడ్డి తడిసి ఉంటుంది, తడి బూటుతో నడిస్తే మధ్యాహ్నానికి బొబ్బలు. గ్లోవ్స్ కనీసం మూడు, చెమటకి జారిపోతాయి. క్లబ్బుల మీద పేరు స్టిక్కర్లు అంటించండి, ఎందుకంటే 30 మంది పిల్లల వెడ్జులు ఒకే గ్రీన్ పక్కన పడుంటాయి, మా వాడు ఒకసారి 15 క్లబ్బులతో ఇంటికొచ్చాడు, రూల్ ప్రకారం 14 దాటకూడదు, పదిహేనోది ఎవరిదో కనుక్కోవడానికి వారం పట్టింది. పీరియడ్స్ డేట్ దగ్గరుంటే ప్యాడ్లు సూట్‌కేసులో కాదు గోల్ఫ్ బ్యాగులో పెట్టండి, కోర్సు మీద బాత్రూమ్ నాలుగైదు హోల్స్‌కి ఒకటుంటుంది, ముదురు రంగు స్కర్ట్ ఒకటి అదనంగా. ఉరుములొచ్చి హారన్ మోగితే ఎక్కడున్నా ఆట ఆపి లోపలికి వెళ్ళాలని, ఒక్క పట్ వేసి వస్తా అనకూడదని గట్టిగా చెప్పండి.

మొదటి రాత్రి ఏడుస్తూ ఫోన్ చేస్తే చేయొచ్చు. అప్పటికప్పుడు కారు తీయకండి. పొద్దున దాకా ఆగండి.

ప్రశ్న: ఆంటీ, నాకు 16, నార్త్ కరోలినాలో కేరీలో ఉంటాం, టెన్త్ అయిపోయింది. జూన్ చివర్లో ఒక కాలేజీ క్యాంప్‌కి వెళ్తున్నా. ప్రాబ్లం ఏంటంటే నాన్న పక్కనే హోటల్ బుక్ చేసుకున్నారు, మూడు రోజులూ వచ్చి చూస్తారంట. నేను పట్ మిస్ అయితే ఆయన తల పట్టుకుంటారు, అది నాకు కనిపిస్తుంది, నెక్స్ట్ హోల్ కూడా పోతుంది. కోచ్‌కి మెయిల్స్ కూడా నా పేరుతో ఆయనే రాస్తున్నారు. ఎలా చెప్పాలి?

జవాబు: నాన్నా, నీ ఉత్తరం చదివి నవ్వొచ్చింది, తర్వాత నా మీద నాకే సిగ్గేసింది. ఎందుకంటే ఒక టోర్నమెంట్‌లో 14వ హోల్ దగ్గర చెట్టు చాటున దాక్కుని "నీళ్ళు తాగరా!" అని తెలుగులో అరిచింది నేనే. కోచ్‌కి తెలుగు రాదుగా అనుకున్నా. అర్థం కావడానికి భాష అక్కర్లేదని మా వాడి మొహం చూశాక తెలిసింది.

నాన్నకి ఇది చూపించు. అన్నయ్యగారూ, కాలేజీ కోచ్‌లు పిల్లాడి స్వింగ్ ఎంత చూస్తారో, పక్కన తల్లిదండ్రులు ఎలా ఉన్నారో కూడా అంత చూస్తారు, నాలుగేళ్ళు వాళ్ళ ఫోన్లు ఎత్తాల్సింది వాళ్ళే కదా. చాలా క్యాంపుల్లో పేరెంట్స్‌ని చివరి రోజు మాత్రమే రమ్మంటారు. హోటల్ క్యాన్సిల్ చేయలేకపోతే ఉండండి, ఊరు చూడండి, సినిమాకి వెళ్ళండి, కోర్సు వైపు మాత్రం రాకండి. మెయిల్ రాయడం మానేయండి. 16 ఏళ్ళ పిల్లాడు "గ్రీటింగ్స్ ఆఫ్ ది డే, కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్" అని రాయడు, కోచ్‌కి మొదటి లైన్లోనే తెలిసిపోతుంది.

ఇక నీకు. నీ క్యాంప్ టైమింగ్ మంచిది, నీకు ఈ జూన్ 15 దాటితే కోచ్ నీతో రిక్రూటింగ్ గురించి ఓపెన్‌గా మాట్లాడొచ్చు, జూనియర్ ఇయర్, అంటే లెవెన్త్ గ్రేడ్, మొదలయ్యే ఆగస్ట్ 1 నుంచి క్యాంపస్ విజిట్లకి కూడా పిలవొచ్చు. కాబట్టి ఈ మూడు రోజుల్లో ఒక్కసారైనా నువ్వే కోచ్ దగ్గరికెళ్ళి చెయ్యి కలిపి మాట్లాడు. నేను మీ టీమ్‌కి సరిపోతానా అని అడిగితే మొహమాటానికి ఏదో అంటాడు. నా ఏడాది పిల్లల్ని ఎంతమందిని తీసుకుంటున్నారు, మీ అయిదో ప్లేయర్ ఎంత కొడతాడు, నా ఆటలో ముందుగా ఏది మారాలి, ఇలా అడుగు. సాయం చేసే కాలేజీ కుర్రాళ్ళని ఇంకా ఎక్కువ అడుగు, ఇంజనీరింగ్ చదువుతూ ఆడేవాళ్ళు టీమ్‌లో ఎవరైనా ఉన్నారా, ఎన్ని క్లాసులు మిస్ అవుతారు, కోచ్ ఓడిపోయిన రోజు ఎలా ఉంటాడు. వాళ్ళు కోచ్ కంటే నిజం చెప్తారు, డిన్నర్ దగ్గర మరీ ఎక్కువ చెప్తారు.

ఇంకోటి, బంకర్‌లోంచి కొట్టాక ఇసుక సాపు చేయి, గ్రీన్ మీద బంతి పడ్డ గుంట సరిచేయి, నీదే కాకుండా పక్కన కనిపించిన ఇంకొకటి కూడా. మా వాడిని చివరికి తీసుకున్న కోచ్ తర్వాత నాతో అన్న మాట, వాడు ఆ రోజు 82 కొట్టాడు, ట్రిపుల్ బోగీ, అంటే ఒక హోల్లో పార్ కంటే మూడు ఎక్కువ, చేసి కూడా పక్కవాడి బంతి వెతకడానికి పొదల్లోకి దిగాడు, అది రాసుకున్నాను అని. స్కోర్ మర్చిపోయాడు కాబోలు అనుకుని నేను 82 కాదు 81 అన్నాను, అలవాటు పోదుగా.

ప్రశ్న: హైదరాబాద్ నుంచి రాస్తున్నాం. మా అమ్మాయి ఇంటర్ ఫస్టియర్, గోల్కొండ దగ్గర హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్‌లో, అప్పుడప్పుడు గచ్చిబౌలి బౌల్డర్ హిల్స్‌లో ఆడుతుంది. అమెరికా కాలేజీలో ఆడాలని కోరిక. సమ్మర్ క్యాంప్ కోసం అక్కడికి పంపితే కోచ్‌లు చూస్తారని ఒక కన్సల్టెంట్ చెప్పాడు, టికెట్లతో కలిపి నాలుగైదు లక్షలు అవుతుంది. విజిటర్ వీసా సరిపోతుందా?

జవాబు: వీసా విషయానికొస్తే, క్రెడిట్ రాని చిన్న రిక్రియేషనల్ కోర్సుకి విజిటర్ వీసా పనికొస్తుంది. కానీ నన్నడిగితే ఉత్త క్యాంప్ కోసం మాత్రం పంపకండి. ఎలాగూ అక్క దగ్గరికో బాబాయ్ దగ్గరికో వస్తుంటే ఒక క్యాంప్ కలుపుకోండి, అది వేరు.

ఇండియా నుంచి వచ్చే పిల్లల విషయంలో కోచ్ మొదట చూసేది వరల్డ్ అమెచ్యూర్ గోల్ఫ్ ర్యాంకింగ్, టోర్నమెంట్ స్కోర్లు. కాబట్టి అదే డబ్బుతో ఇండియన్ గోల్ఫ్ యూనియన్ జూనియర్, అమెచ్యూర్ టోర్నమెంట్లు తిప్పండి, చండీగఢ్, కోల్‌కతా, బెంగళూరు, వేరే రకం గడ్డి, వేరే రకం గాలి అలవాటవుతాయి. స్వింగ్ వీడియో ఫోన్‌లో తీస్తే చాలు, ఒకటి ఎదురుగా, ఒకటి వెనక నుంచి, మ్యూజిక్ పెట్టకండి దయచేసి.

కన్సల్టెంట్ మీకు చెప్పాడో లేదో, డివిజన్ వన్, టూలో ఆడాలంటే ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్‌లో రిజిస్టర్ అవ్వాలి. నైన్త్ నుంచి 16 కోర్ కోర్సులు చూస్తారు, డివిజన్ వన్‌కి వాటిలో కనీసం 2.3 జీపీఏ ఉండాలి. 2023 నుంచి ఎలిజిబిలిటీకి శాట్ స్కోర్ అక్కర్లేదు, కాలేజీ తన అడ్మిషన్ కోసం అడిగితే అది వేరే. మీ అమ్మాయి ఏ గ్రూపు తీసుకుందో నాకు రాయలేదు, ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు, సోషల్ అన్నిటిలో లెక్కకి రావాలి కాబట్టి నైన్త్, టెన్త్ మార్కుల మెమోలు ఇప్పుడే తీసి పెట్టుకోండి, ఆఖర్లో స్కూలు చుట్టూ తిరగాల్సొస్తుంది.

డివిజన్ వన్ ఒక్కటే పట్టుకుని వేలాడకండి. మన దేశపు గోల్ఫర్ జీవ్ మిల్ఖా సింగ్ టెక్సస్‌లో అబిలీన్ క్రిస్టియన్ అనే కాలేజీలో చదివి 1993లో గెలిచింది డివిజన్ టూ వ్యక్తిగత టైటిలే, ఆయనకి ఏం తక్కువైంది? మన తెలుగు గోల్ఫర్ సాహిత్ తీగలని కూడా చూడండి. అమ్మానాన్నలు హైదరాబాద్ వాళ్ళు, తను కాలిఫోర్నియాలో పుట్టి పెరిగి, అక్కడే కాలిఫోర్నియాలో ఉన్న పెప్పర్‌డైన్‌లో చేరాడు. ఫుట్‌బాల్ టీమ్ కూడా లేని చిన్న యూనివర్సిటీ. మధ్యలో మణికట్టు ఆపరేషన్‌తో ఒక సీజన్ మొత్తం పోయింది, అయినా 2020లో కాలేజీ గోల్ఫ్ పెద్ద అవార్డులు మూడూ, హాస్కిన్స్, హోగన్, నిక్లాస్, తనకే వచ్చాయి, 2023లో కాలిఫోర్నియాలోని నాపాలో ప్రొఫెషనల్స్ ఆడే పీజీఏ టూర్‌లో మొదటి టైటిల్ గెలిచాడు. ఆ సీజన్ పోయిన ఏడాది కూడా టీమ్‌లో ఉంచుకునే కోచ్ దొరకడం ఎంత అదృష్టమో పిల్లల్ని పంపిన అమ్మలకి తెలుస్తుంది. మీ అమ్మాయికి ఫోన్లో ఏ కోచ్ మాట్లాడినా, దెబ్బ తగిలిన పిల్లల్ని మీరేం చేస్తారు అని అడగమనండి.

ప్రశ్న: అమ్మాయ్, మాది తెనాలి. మా అబ్బాయి వాళ్ళింటికి అట్లాంటా వచ్చి రెండు నెలలైంది. మనవరాలిని ఏదో కాలేజీలో బంతాట క్యాంపుకి పంపుతున్నారు, ఎండలో కర్రతో బంతి కొట్టడానికి అన్ని డబ్బులు కట్టడమేంటో నాకు బోధపడలేదు. అది వెళ్ళేలోపు రోజూ ప్రాక్టీసు అంటుంది, ఇంట్లో దింపేవాళ్ళు లేరు, నేను తోడు వెళ్ళనా? నాకు ఆట తెలియదు.

జవాబు: పిన్నిగారూ, వెళ్ళండి, తప్పకుండా వెళ్ళండి. దగ్గర్లో నడిచివెళ్ళేంత దూరంలో గోల్ఫ్ కోర్సు ఉంటే, బయట పట్టింగ్ గ్రీన్ అని నున్నటి పచ్చిక ఒకటి ఉంటుంది, చాలా చోట్ల దానికి డబ్బులు తీసుకోరు, లోపల ఒక మాట అడిగితే చాలు. సాయంత్రం ఆరు తర్వాత ఎండ తగ్గాక వెళ్ళండి. ఆట తెలియాల్సిన పనిలేదు, అది మూడడుగుల దూరం నుంచి వరసగా ఎన్ని వేసిందో మీరు లెక్కపెట్టండి, ఒకటి పోతే మళ్ళీ ఒకటి నుంచి. మీరు నోములకి వత్తులు లెక్కపెట్టినంత నిక్కచ్చిగా లెక్కపెట్టండి, మనవరాలు అని జాలి చూపకండి. 20 అయ్యాక ఇంటికి. సీసాలో మజ్జిగ పట్టుకెళ్ళండి, కొంచెం ఉప్పేసి.

చెప్పులు మాత్రం అడుగు చదునుగా ఉన్నవి వేసుకోండి, మడమ ఎత్తువైతే ఆ పచ్చికలో గుంటలు పడతాయి, వాళ్ళు ఊరుకోరు.